గుసగుసలాయన

కోటు భుజం దగ్గర కత్తెర పక్కకి పోయింది.

"ఏంటి మాస్టారూ! సుద్దగీత అక్కడుంటే కత్తెర ఇక్కడ నడిచింది?" అన్నాడు టైలరింగ్ షాపు యజమాని.

"గీత సరిగా పడలేదండీ," అన్నారు కటింగ్ మాస్టారు.

గీత శుభ్రంగా పడింది. ఆయనకే ఆనలేదు.

కొన్నాళ్ళుగా అదే వరస. చుట్టూ ఉన్న మిషన్లు, బల్ల, వేలాడే చొక్కాలు కనబడుతున్నాయి. చూడాలనుకున్న చోటే మసి పూసినట్టుంటోంది. అద్దాలు మార్చారు. ఆరునెలలు తిరక్కుండా మళ్ళీ మార్చారు. చత్వారమన్నాడు అద్దాల షాపువాడు. నిద్ర చాలట్లేదంది కూతురు.

చివరికి పెద్దాసుపత్రి డాక్టరు కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు.

"ఇది పుట్టుకతో వచ్చిన జబ్బండీ. ఇన్నేళ్ళూ లోపల దాక్కుంది."

"ఆపరేషన్ చేస్తారా?"

"దీనికి ఆపరేషన్ లేదు."

"పోనీ మందు?"

డాక్టరు కూతురి వైపు తిరిగి ఆమెతో మాట్లాడ్డం మొదలుపెట్టాడు. మాస్టారికి అర్థమైంది.

యజమాని మంచివాడే. కత్తెర తను తీసేసుకుని, బొత్తాలు కుట్టమన్నాడు. సూదిలో దారం ఎక్కలేదు. ఇస్త్రీ చెయ్యమన్నాడు. ఓ చొక్కా కాలింది, చెయ్యీ కాలింది. ఆ తర్వాత, "ఊరికే కూచుని కబుర్లు చెప్పండి మాస్టారూ," అన్నాడు.

ఆ కబుర్లూ సాగలేదు. వచ్చినవాళ్ళెవరో తెలిస్తే గదా! కాళ్ళూ చేతులూ, వాటిమీద మొహం లేని మనుషులు. "మాస్టారికి పొగరెక్కింది, ఎదురుపడినా పలకరించడం లేదు," అని పాత ఖాతాదార్లు చెప్పుకోవడం ఆయన చెవినే పడింది.

ఆ రోజుల్లోనే తగిలాడు గుసగుసలాయన.

రోడ్డు దాటబోతుంటే మోచేయి కింద ఓ చెయ్యి పడింది.

"బండొస్తోంది," అంది పక్కన ఓ గుసగుస.

"ఎవరండీ?"

రోడ్డు దాటాక చెయ్యి వదిలేసింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"ఏమండీ, మెట్టుంది అని చెప్పడానికి గుసగుసలెందుకు? అదేమన్నా రహస్యమా?"

"గొంతు ఇంతే."

"పేరేమిటి మీది?"

దగ్గు వినబడింది. పేరు మాత్రం వినబడలేదు.

మాస్టారికి ఒళ్ళు మండేది. పనీపాటా లేక తన వెంట పడ్డాడనుకునేవారు. అయినా ఆ చెయ్యి కాస్త ఆలస్యమైన రోజున రోడ్డు పక్కనే నిలబడి, ఏదో ఆలోచిస్తున్నట్టు నటించేవారు.

ఓ సాయంత్రం యజమాని మెల్లగా అన్నాడు.

"ఈ ట్రాఫిక్‌లో రోజూ ఎందుకు మాస్టారూ ఈ తిరుగుడు? ఇంటిపట్టున ఉండండి. నేనే వచ్చి చూసి పోతుంటాను."

మాస్టారు తన టేపు మెళ్ళో వేసుకుని బయటికొచ్చారు. అలవాటుగా మోచేయి కిందికి చెయ్యి వచ్చింది.

"వదులు!" అని అరిచారు. "ఎవడు నువ్వు? జాలి చూపించడానికి నేనే దొరికానా? నా కర్మ నేను పడతాను. రేపటి నుంచి నా చుట్టుపక్కల కనబడ్డావంటే మర్యాద దక్కదు!"

చెయ్యి జారిపోయింది. ఇంటి గుమ్మం దాకా వెనకాల దగ్గు మాత్రం వినబడుతూనే ఉంది.

ఆ రాత్రి అన్నం సయించలేదు. 'పాపం, ఏం చేశాడని?' అనుకున్నారు. మాట తూలానని చెప్పుకుందామని మర్నాడు రోడ్డు మలుపు దాకా వెళ్ళి నిలబడ్డారు. ఎవరూ రాలేదు. వరసగా కొన్నాళ్ళు వెళ్ళారు. ఇక లాభం లేదని ఓ రోజు ఒక్కరే రోడ్డు దాటబోయి, తవ్వి వదిలేసిన గోతిలో పడ్డారు.

తుంటి ఎముక విరిగింది. మంచం దిగి కర్ర పట్టేసరికి కాలమే మారిపోయింది. కర్ర పట్టినా వీధి చివరి టీ కొట్టు దాకా నడవడమే గగనం.

"ఆ గుసగుసలాయన వస్తున్నాడా?" అని టీ కొట్టతన్ని అడిగారు.

"ఆయనా? పోయాడు గదండీ! గొంతులో పుండు. ఎప్పుడో ఆపరేషన్ చేసి గొంతు తీసేశారట. మళ్ళీ తిరగబెట్టింది. మీరు గోతిలో పడకముందే పోయాడు."

మాస్టారు గ్లాసు కింద పెట్టేశారు.

"ఇల్లు తెలుసా?"

టీ కొట్టతనే ఆటోలో తీసుకెళ్ళి గుమ్మంలో దించాడు. లోపలున్న ఆవిడ కుర్చీ వేసింది.

"అమ్మా, నేనెవరో మీకు తెలీదు. మీ ఆయన నన్ను రోజూ రోడ్డు దాటించేవారు. ఓ రోజు నోటికొచ్చినట్టు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుందామని..."

ఆవిడ గోడ మీది ఫోటో దించి ఆయన చేతుల్లో పెట్టింది.

మాస్టారు మొహానికి ఆనించుకుని చూశారు. తల పక్కకి తిప్పి ఓరగా చూశారు. చొక్కా కాలరు కనబడింది. దానిపైన అంతా మసి.

"కనబడట్లేదమ్మా."

"తెలుసు బావగారూ," అంది ఆవిడ.

మాస్టారు ఫోటో మీంచి తలెత్తారు.

"ఆయన నన్ను చేసుకున్న రోజున 'జన్మలో నీ మొహం చూడను పో' అని ఒట్టు పెట్టుకున్నారట గదా మీరు... కళ్ళ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ, 'ఇప్పుడు పక్కనే నడిచినా అన్నయ్య ఒట్టు చెడదులే' అంటూ రోజూ పొద్దున్నే బయల్దేరేవారు మీ తమ్ముడు."