ఇల్లు చూడవచ్చినవాళ్ళు

"మంచం ఇక్కడేనండీ. కళ్ళు తెరవగానే మొహం మీద ఎండ!" అంది కొత్త పెళ్ళికూతురు, టైలరమ్మ కుట్టుమిషను పక్కన నిలబడి రెండు చేతులూ బారచాపి.

టైలరమ్మ కాలు పెడలు మీద ఆగిపోయింది. సూది బట్టలోనే ఉండిపోయింది. ఆ చోటు తనది. ఆరేళ్ళుగా ఆ తూర్పు కిటికీ దగ్గరే కూర్చుని ఈ వీధిలో సగం మందికి చొక్కాలూ గౌన్లూ కుట్టింది. లైటు వేసుకోకుండా నల్లదారం ఎక్కించుకోగల ఇల్లు ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. అగ్రిమెంటేమో పదిరోజుల్లో అయిపోతుంది. ఇంకో ఏడాది పొడిగించమని అడిగితే ఓనరు కుదరదన్నాడు. పైనున్న దేవుణ్ణి కూడా రోజూ అడిగింది. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఇప్పుడీ పిల్ల వచ్చి, ఎండంతా తన పేర రాయించుకున్నట్టు నిలబడింది.

"కిటికీకి నీలం తెరలు కడదామా?" అన్నాడు పెళ్ళికొడుకు.

"ఊహూ, తెల్లవి."

"నీ ఇష్టం. ఇల్లు నీదే కదా!"

టైలరమ్మ కడుపులో కుంపటి రాజుకుంది. లిఫ్టు మెకానిక్కయిన తన మొగుడు ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తెరల రంగు అడిగాడా?

"ఎండ సరే అమ్మాయ్," అంది లేచి, గొంతు తగ్గించి. "వాన సంగతి అడగవేం?"

"వానకేమైంది ఆంటీ?"

ఆ పిలుపు కుంపట్లో ఇంకో పుల్ల వేసింది.

"ఈ గోడంతా కారుతుంది. మంచం ఇక్కడేస్తే పక్కన బకెట్టు పెట్టుకుని పడుకోవాలి. ఇక పైవాళ్ళు! తెల్లారితే చాలు, గెంతులు. అద్దంలో మొహం చూసుకుందామంటే అద్దం ఊగుతుంది."

పిల్ల మొహం వాడిపోయింది. మళ్ళీ ఫోన్ చేస్తామంటూ ఇద్దరూ మెట్లు దిగిపోయారు.

ఆ గోడ ఏనాడూ చుక్క కారలేదు. పైవాటాలో ఉండేది మంచం దిగలేని ముసలాయన ఒక్కడే.

టైలరమ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. అబద్ధానికి క్షమించమనీ, అది పారినందుకు మేలు మరవననీ, రెండూ ఒకే దణ్ణంలో సరిపెట్టేసింది. దేవుడు అందులో ఏ సగం పుచ్చుకున్నాడో మనకెలా తెలుస్తుంది?

అంతలో మొగుడు ఫోన్ చేశాడు.

"ఎవరైనా వచ్చారా?"

"వచ్చారు. పోయారు."

"నువ్వేమైనా కూశావా?"

"నాకేం పని!"

"మనం పోయాక ఈ కొంపలో ఎవరుంటే నీకెందుకే? అవతల మనం చేరబోయే ఇల్లే ఇంకా ఖాయం కాలేదు. ఇంకో రెండు కుటుంబాలు దానికోసం తిరుగుతున్నాయట. ఆ ఇంటి ఓనరు గారు మనవైపే మొగ్గుతున్నారని బ్రోకరు చెప్పాడు. సాయంత్రానికి మాటిస్తారట. అది గనక చేజారితే మనమూ, నీ మిషనూ రోడ్డు మీదే."

"దాని కిటికీ ఎటుంది?"

"తూర్పేనే తల్లీ! దీనికంటే పెద్దది. ఎన్నిసార్లు చెప్పాలి?"

అయినా ఆమె మనసు కుదుటపడలేదు. అక్కడ వచ్చే ఎండ సంగతి కాదు. ఇక్కడ తన ఎండ ఇంకొకతె మొహం మీద పడుతుంది, అదీ బాధ.

మళ్ళీ బెల్లు మోగింది. తలుపు తీస్తే, అరవై దాటిన ఒకావిడ, చేతిలో గొడుగుతో.

"ఇల్లు చూడొచ్చా అమ్మా?"

"రండి, దానికేం!" అంది టైలరమ్మ, లోపల పళ్ళు నూరుకుంటూ.

ఆవిడ తీరిగ్గా చూసింది. వంటింటి అలమర తలుపు తీసి, వేసింది. సింకులోకి వంగి చూసింది. చివరికి కిటికీ దగ్గరికొచ్చి, "ఎంత వెలుతురో! ఎంత కళగా ఉందో!" అంది.

అంతే. కుంపటి భగ్గుమంది.

"వెలుతురు చూసి మోసపోకండి పిన్నిగారూ. వంటింట్లో బొద్దింకలు దండుకట్టి తిరుగుతాయి."

"అయ్యో, మందు కొట్టించలేదా?"

"పోనిద్దురూ, అవీ మాలాగే అద్దెకున్నాయి."

ఆవిడ నవ్వలేదు. "సింకు శుభ్రంగానే ఉందే?"

"పైకే. ఆరేళ్ళుగా పోసిన నూనె జిడ్డంతా గొట్టంలో గడ్డకట్టింది. ఇక అది బాగుపడదు."

"మరి అలమర?"

"వెనకంతా చెద. వేలు పెడితే దిగబడుతుంది."

"ఓనరుకి చెప్పుకోకపోయారా?"

"మనదా ఏమన్నానా, పిన్నిగారూ? అద్దెకొంపకి అంత సేవ ఎవరు చేస్తారు? ఉన్నన్నాళ్ళు వాడుకున్నాం, పోతున్నాం."

నిజానికి ఆ సింకుని ఆమె రోజూ అద్దంలా తోముతుంది. అలమరకి ఏటా వార్నిష్ వేసేది ఆమే, మొగుడు వద్దని మొత్తుకున్నా సరే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెబితే ఈవిడ ఇల్లు తీసేసుకుంటుంది. మింగేసింది.

ఆవిడ గొడుగు చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"దాచకుండా చెప్పావు, అదే పదివేలు."

"పెద్దవారు, మీరు అన్యాయమైపోకూడదని. ఇంతకంటే మంచి ఇల్లు దొరుకుతుంది లెండి మీకు."

"నాకు ఇల్లెందుకమ్మా? నా ఇల్లే మీకిద్దామనుకున్నాను. బ్రోకర్ని అడ్రసడిగి, మీరున్న ఇల్లు ఎలా ఉంచుకున్నారో ఒకసారి చూసిపోదామని వచ్చాను."