ఈశాన్యం మూల

"పలకరిస్తే పలికే మనిషే లేడు ఈడ. రహమత్ నగర్ ఇంటి తాళంచెవి ఇంక ఇయ్యలేదు గద, పోదాం పాండ్రి" అంది నీలమ్మ, ఇంకా విప్పని బట్టల మూటకు ఆనుకొని.

వాళ్ళు ఫిల్మ్ నగర్‌లో ఈ పైవాటాలోకి వచ్చి నాలుగైదు రోజులే అయింది. కొడుకు కమలాకర్ తల ఊపాడు. తల్లి ఏమన్నా అతను అలాగే ఊపుతాడు. కోడలు వందన భయమంతా అదే. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ బిందెల వరసలో నిలబడ్డ మనిషికి ఇప్పుడు వంటింట్లో నల్లా తిప్పితే నీళ్ళు వస్తున్నాయి. పొద్దున లేవగానే ఒకసారి ఊరికే తిప్పి చూసుకుంటోంది. నెలాఖరు దాకా చూస్తానని అత్త గడువు పెట్టింది. మనసు కుదరకపోతే వెనక్కే.

అప్పుడే కిందవాటాలో ఉండే ఇంటి యజమాని సుబ్బరామయ్య మెట్లెక్కి వచ్చాడు. బాల్కనీలో బట్టలు ఆరేసినందుకు గొడవకే వచ్చాడనుకుంది వందన. ఈ పేటలో వీధివైపు తాడు కనబడితే యజమానులకు గిట్టదని అందరూ చెప్పారు మరి. ఆయన మాత్రం నీలమ్మకు నమస్కారం పెట్టాడు.

"నిన్న పొద్దున మీరు బాల్కనీలో ఆ మూల కూర్చుని గోంగూర ఒలిచారు కదండీ. అది ఈశాన్యం. వాస్తు ప్రకారం ఇంటి పెద్దావిడ ఈశాన్యంలో కూర్చుంటే ఇంటికి కళండీ. పసుపు చీర మరీ మంచిది. రోజూ అదే కట్టుకుని, అలాగే కూర్చోండి. తాడు మీద బట్టలు కూడా తియ్యకండి."

కమలాకర్ నవ్వు ఆపుకున్నాడు. నీలమ్మ ఆయన్ని తేరిపార చూసి, వీధివైపు ఒకసారి చూసి, సరేనంది.

మర్నాటినుంచి ఆమె మనిషే మారిపోయింది. పొద్దున్నే స్నానం చేసి, నూనె రాసి తల దువ్వుకొని, మొహానికి పౌడరద్ది మరీ కూర్చునేది. అత్తకు ఇంత భక్తి ఉందని వందనకు తెలియదు. పసుపు చీర సాయంత్రం ఉతికి ఆరేసి, తెల్లారి మళ్ళీ అదే కట్టేది. గోంగూర అయిపోతే, ఒలిచిన కాడల్నే పట్టుకొని కూర్చునేది. వందన వంటింట్లో గిన్నెలు తోముకునే వేళకు టీవీ కట్టేసి, రహమత్ నగర్ ఆడవాళ్ళకు ఫోన్ చేసి గుసగుసగా నవ్వేది. వెనక్కి పోదామన్న మాటే ఎత్తలేదు. బట్టల మూట విప్పి బీరువాలో సర్దింది. వందన ఆ మూలకు మనసులోనే దండం పెట్టుకుంది.

ఒక పొద్దున పాలకోసం దిగితే, గేటు దగ్గర సుబ్బరామయ్యతో ఎదురింట్లో టీవీ సీరియల్ తీస్తున్నవాళ్ళ మేనేజరు సృజన్ మాట్లాడుతున్నాడు. వందన మెట్ల మీదే ఆగిపోయింది. ఎదురింటి హాల్లో పెళ్ళి ఆగిపోయే గొడవ తీస్తున్నారట. కథలో అది ఒక్క పూటే అయినా, తియ్యడం వారం దాటినా తెగడం లేదట. హాలు కిటికీలోంచి ఈ బాల్కనీ కనబడుతుంది. మొదటిరోజు వెనకాల పడిన పసుపు చీర పెద్దావిడ ఆ గొడవ తేలేదాకా అక్కడే ఉండాలి. చీర మారినా, మనిషి మాయమైనా చూసేవాళ్ళు పట్టేస్తారని సృజన్ బతిమాలుతున్నాడు.

అతను వెళ్ళాక వందన సుబ్బరామయ్యను నిలదీసింది. ఆయన తల గోక్కున్నాడు.

"చెబితే ఆవిడ కెమెరా కేసి చూస్తుందని వాళ్ళ భయమమ్మా. మా మనవరాలు శ్రీనిధికి చిన్న వేషం ఇస్తామన్నారు. ఇంకొక్క రెండు రోజులు ఓపిక పట్టు తల్లీ."

వందన ఓపిక పట్టేదే. కానీ పైకి వచ్చేసరికి నీలమ్మ పళ్ళెంలో కొత్త పంచె, కండువా పెట్టి, పండూ తమలపాకులూ సర్దుతోంది. సుబ్బరామయ్యకు బట్టలు పెడుతుందట. ఆదివారం రహమత్ నగర్ ఆడవాళ్ళందరినీ ఇంటికి పిలిచిందట.

నలుగురి ముందూ సంగతి బయటపడితే ఆ అవమానానికి అత్త ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదు. అదే రోజు మూట కట్టేస్తుంది. ఇప్పుడు చెప్పినా కట్టేస్తుంది. వందన నల్లా కేసి ఒకసారి చూసి, పెద్దమనిషి నవ్వులపాలు కావడం చూడలేక చెప్పేసింది.

"అత్తమ్మా, ఈశాన్యం లేదు, ఏం లేదు. ఎదురింట్ల షూటింగ్ నడుస్తుంది. ఆళ్ళకోసమే ఇంటాయన నిన్ను గాడ కూసోవెట్టిండు."

నీలమ్మ చేతిలో తమలపాకు ఆగింది. కమలాకర్‌కు తెలుసా అని మాత్రం అడిగింది. తెలియదంది వందన. నీలమ్మ లేచి బీరువా ఉన్న గదిలోకి నడిచింది. అయిపోయింది, మూట కట్టేస్తోంది అనుకుంది వందన. ఆమె బీరువా అద్దంలో చూసుకొని, చెంపల మీది వెంట్రుకలు సర్దుకొని, తిరిగి బాల్కనీలోకి వచ్చింది.

"నిన్నటి ఎపిసోడ్ల నా మొహం సగమే వడ్డది, కుర్చీ జర ముంగటికి జరుపు బిడ్డా."