బాపు బండి

“చెయ్యి తియ్యి!”

దామోదర్ కేకకు ముసలాయన ఉలిక్కిపడ్డాడు. బండి పెట్రోలు ట్యాంకు మీది చేతిని వెనక్కి తీసుకున్నాడు.

“తప్పయింది బిడ్డా. సూద్దామని...”

“సూసేది కండ్లతోని. నిన్ననే పాలిష్ పట్టిచ్చిన.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఆ ఆదివారం సిద్దిపేటలో దామోదర్ ఇంటి వాకిలి పాత మోటారు సైకిళ్లతో నిండిపోయింది. పాత బండ్లంటే పడి చచ్చేవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఒక్కో నెల ఒక్కొక్కరి ఇంట్లో కలుస్తారు. కరీంనగర్ నుంచీ మెదక్ నుంచీ జావాలు, రాజ్‌దూత్‌లు పొగ కక్కుకుంటూ వచ్చాయి. పెరట్లో పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది.

అన్నిటికంటే ముందు, గేటు దగ్గర, ర్యాంపు నెత్తిన పూలదండతో నిలబెట్టింది దామోదర్ వాళ్ల బాపు బండిని. తండ్రి పోయాక దాన్ని కొట్టంలోంచి బయటికి తీసి, కొత్తదానిలా చేయించాడు.

“మా బాపుకు ఇదంటే పానం,” అని వచ్చినవాళ్లందరికీ చెప్తున్నాడు. “గీత పడుతదని రోడ్డే ఎక్కియ్యలే. నాకు బుద్ధి తెలిసినకాంచి కప్పిపెట్టే ఉంచిండు.”

ఆ బండిని బయటికి తీయడం తల్లి విజయమ్మకు ఇష్టం లేదు. ఎందుకని అడిగితే చెప్పదు. పొద్దున్నే బస్సెక్కి నారాయణరావుపేటలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది.

ముసలాయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. మాసిన ధోతి, భుజం మీద తువ్వాల.

“ఏ ఊరు తాతా?” దామోదర్ స్నేహితుడు హరీష్ అడిగాడు.

“తొగుట దిక్కు. ఊరు మల్లన్నసాగర్ ప్రాజెక్టుల మునిగింది. ఇప్పుడు కాలనీల ఉంటున్న.”

“బండి కొంటవా ఏంది?”

మళ్లీ నవ్వులు.

ముసలాయన నవ్వలేదు. బండి ముందు చక్రాన్నే చూస్తున్నాడు.

“పటేల్ బండే గదా ఇది?”

“అవ్, మా బాపుదే. అయితే ఏంది?” అన్నాడు దామోదర్.

“విజయమ్మ ఉన్నదా ఇంట్ల?”

దామోదర్‌కు చిరాకేసింది. తల్లి పేరు కూడా కనుక్కుని వచ్చాడంటే ఏదో అడగడానికే అయి ఉంటుంది.

“లేదు. పనుంటే మల్ల రా. ఇయ్యాల ఇంటినిండ దోస్తులున్నరు.”

“పనేం లేదు బిడ్డా. బండి బయటికి తీసిండ్రంటే ఒక్కసారి సూసి పోదామని వచ్చిన.”

“సూసినవ్ గదా. ఇగ నడువు.”

ముసలాయన ర్యాంపు దిగి, రోడ్డు పక్క మురుగు పారే మోరీ గట్టు మీద కూర్చున్నాడు.

భోజనాలప్పుడు దామోదర్ భార్య భవాని గేటు వైపు చూసింది.

“ఆ తాత ఇంక గాడనే కూసున్నడు. ఇంత అన్నం పంపియ్యనా?”

“ఒకలకు పెడితే పదిమంది వస్తరు. ఊకో.”

తిన్నాక ఫొటోలు మొదలయ్యాయి. దామోదర్ తన ఐదేళ్ల కూతురు సాత్వికను ఎత్తి బాపు బండి మీద కూర్చోబెట్టాడు.

“హ్యాండిల్ గట్టిగ పట్టుకో బిడ్డా. ఇటు సూడు!”

ఫోను పైకెత్తి, అందరూ పట్టేలా వెనక్కి జరిగాడు.

పాప సంబరంగా ముందుకూ వెనక్కీ ఊగింది.

స్టాండు జారింది.

బండి పాపతో సహా ర్యాంపు మీదుగా రోడ్డు వైపు దూసుకుపోయింది. దామోదర్ చేతిలో ఫోను ఇంకా పైకెత్తే ఉంది.

మోరీ గట్టు మీది ముసలాయన లేచి బండికి ఎదురువెళ్లాడు. పాపను రెండు చేతులా లాగి పక్కనున్న ఇసుక కుప్ప మీదికి విసిరాడు. తాను తప్పుకునే వ్యవధి లేకపోయింది. బండి ఆయన్ను గట్టుకేసి కొట్టి, మీద పడింది.

సాత్వికకు మోచెయ్యి గీరుకుపోయింది. అంతే.

ముసలాయన దవాఖానకు చేరకముందే పోయాడు.

శవాల గది బయట దామోదర్ కూర్చున్నాడు. హరీష్ పక్కన చేరాడు.

“పిల్లను కూసోబెట్టింది నువ్వు. బండికి కాయితాల్లేవు. కేసు నీ మీదికే వస్తది. ముసలాయనే స్టాండు తీసిండని చెప్పు. మేమంత గదే చెప్తం.”

“పాపం తగులుతదిరా. నా బిడ్డను బతికిచ్చిండు.”

“సచ్చిపోయినోళ్లకు ఏం పోతది? నీకు పెండ్లాం పిల్లలున్నరు.”

పోలీసు వచ్చాడు.

“చనిపోయినాయన పేరేంది?”

“తెల్వదు సార్. ఎవలో.”

“ఎట్లయింది?”

దామోదర్ తల వంచుకున్నాడు.

“ముట్టద్దంటే ఇనలే సార్. స్టాండు తీసిండు. బండి మీద పడ్డది. తప్పు గాయనదే.”

పోలీసు రాసుకుని వెళ్లిపోయాడు.

కబురు తెలిసి విజయమ్మ ఆటోలో నేరుగా దవాఖానకు వచ్చింది. మనవరాలిని కాపాడిన మనిషికి దండం పెట్టుకుంటానని లోపలికి వెళ్లింది. ముఖం మీది గుడ్డ తొలగించింది.

“ఇస్తారీ!”

పేరు పెట్టి అరిచిన ఆ అరుపుకు దామోదర్ లోపలికి పరుగెత్తాడు.

“నీకు ఎరికేనా అమ్మా?”

“పోలీసోళ్లకు ఏం చెప్పినవ్ రా?”

చెప్పాడు.

విజయమ్మ గోడ పట్టుకుని నేల మీదికి జారిపోయింది.

“మీ బాపు తాగి గా బండి నడిపి ఈయన బిడ్డను సంపిండు కొడుకా. సాత్విక అంత ఉండె పిల్ల.”

దామోదర్ గుడ్డ తీసిన ఆ ముఖం వైపు చూశాడు.

“నువ్వప్పుడు సంకల పిలగానివి. నిన్నెత్తుకొని పోయి ఈయన వాకిట్ల నిలవడ్డ. నోరిడిచి ఏం అడగలే.”

విజయమ్మ లేచి, గుడ్డను మెల్లగా మళ్లీ ముఖం మీదికి లాగింది.

“ఈయన నీ దిక్కు సూసిండు. లేసి ఠాణాకు పోయి, ‘పటేల్ తప్పేం లేదు సారూ, తప్పు నా బిడ్డదే’ అని చెప్పొచ్చిండు.”