మేం, మనం

"‘మేం’ అనకండి బావా. ఆ మాటంటే వినేవాడు గుమ్మం బయటే నిలబడిపోతాడు. ‘మనం’ అనండి, ఓట్లు వాటంతటవే రాలతాయి."

ఎన్నికల్లో నిలబడ్డ కంపెనీ ఎండీకి ఉపన్యాసం రాసిపెట్టే పని బావమరిది మీద పడింది. ఆ ఏడు ఎండీతో పాటు డైరెక్టర్ల జీతాలన్నీ రెట్టింపయ్యాయి, కార్మికుల జీతం ఉన్నచోటే ఉంది. ప్రత్యర్థులు ఆ ముక్క పట్టుకునే దులిపేస్తున్నారు. అందుకే దానికి జవాబు కూడా ఉపన్యాసంలో చేర్చారు.

ఎండీ అద్దం ముందు ఎంత సాధన చేసినా ‘మనం’ అనడానికి నోరు తిరగలేదు. చివరికి బావమరిది విసుగెత్తి, కంప్యూటర్లో ఒక్క నొక్కుతో ‘మేం’లన్నీ ‘మనం’, ‘మా’లన్నీ ‘మన’ చేసేసి, చూసి చదవమని కాగితం చేతిలో పెట్టాడు.

సభలో ఎండీ గొంతు ఖంగుమంది. "మనం రాత్రనక పగలనక కష్టపడ్డాం. అందుకే మన జీతాలు రెట్టింపయ్యాయి! రేపు మనం గెలవాలి!"

చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

తెల్లారేసరికి కార్మికులంతా ఆఫీసు గేటు ముందు ఉన్నారు. రెట్టింపయిన జీతం ఎప్పటినుంచి ఇస్తారో కనుక్కుందామని వచ్చారట.

"కొంప ముంచావు కదరా!" ఎండీ తల పట్టుకున్నాడు. "వెళ్లి చెప్పు. ఆ ‘మనం’లో వాళ్లు లేరు, అది మా డైరెక్టర్ల సంగతి అని."

బావమరిది వెళ్లాడు. కేకలేమీ వినపడలేదు. కాసేపటికి మొహం తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

"ఏమన్నారు?"

"పాపం, గొడవేం పడలేదు బావా. ఇట్టే అర్థం చేసుకున్నారు. మీరు ‘మనం గెలవాలి’ అన్నారు చూడండి, అందులో కూడా వాళ్లు లేరట."