రెండో ఆల్బమ్‌లో పాడొద్దు

జానపద రాక్ బ్యాండ్‌లో పాడే హారిక మైకు పట్టుకుని సిరిసిల్లలో మా ఇంటికి మళ్లీ వచ్చింది. వాళ్ల మొదటి ఆల్బమ్‌లో తాళమంతా మా షెడ్డులోని మరమగ్గాలదే. మేం వాటిని సాంచాలంటాం.

"తాతా, రెండో ఆల్బమ్‌కు గూడ మీ సాంచాల సప్పుడే గావాలె."

"మొదటిదాంట్ల నా సాంచాలు మంచిగనే పాడినయ్ బిడ్డా. నువ్వే జర రాగం తప్పినవ్," అన్నాను.

పకపకా నవ్వింది. షెడ్డులోంచి టకటక వినబడుతూనే ఉంది. వాకిట్లోనే మైకు పెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

"నాంపెల్లన్న ఎంత మంచిగ నడుపుతున్నడు!"

నాంపెల్లి నా కొడుకు. నేను బీడీ ముట్టించాను.

కాసేపటికి షెడ్డులో టకటక సన్నబడి, అందులోంచి హారిక గొంతే పాట ఎత్తుకుంది.

గబుక్కున లేచి షెడ్డు తలుపు తీసింది. సాంచాలు లేవు. నేల మీద బోల్టులు పీకిన గుంతలు, ఒక స్టూలు, దాని మీద స్పీకరు.

"సాంచాలు పాత ఇనుముకు పోయినయ్. నాంపెల్లి దుబాయి పోయి పెట్టెల అచ్చిండు," అన్నాను.

ఇంట్లో మంచం మీది నుంచి మా ముసల్ది కేకేసింది.

"నాంపెల్లీ, సాంచ ఆపినవేందిరా?"

"గిదే నీ పాటతోని తిప్పలు," అన్నాను. "దానికి మతి లేదు. సాంచ ఆగితేనే కొడుకు యాదికొస్తడు. సచ్చిపోయిండని చెప్తే రోజూ కొత్తగ ఏడుస్తది. రెండోదాంట్ల నువ్వు పాడకు బిడ్డా. పాత సప్పుడే అతుకు మీద అతుకు బెట్టి, పొద్దంత నడిచేటట్టు చెయ్యి."