పువ్వు కింద కాయ

ముసలామె గుడ్డసంచిలో మొక్క దొరికింది.

పట్టుకున్నది తోటమాలి పరశురాం. నాంపల్లిలోని ఆ కాలేజీ గాజుటింట్లో అప్పుడు బ్రొమీలియాడ్ల ప్రదర్శన నడుస్తోంది. అవి అనాసపండు కుటుంబానికి చెందిన మొక్కలు. ఆకులు వలయంగా అమరి, నడుమ గిన్నెలా నీళ్లు పట్టి ఉంచుతాయి. తల్లిమొక్క ఒక్కసారే పూసి మెల్లగా వాడిపోతుంది. పోయేలోగా పక్కన పిలకలు వేస్తుంది.

ఆ పిలకలే రెండు రోజులుగా మాయమవుతున్నాయి.

అందుకే పరశురాం గేటు దగ్గర నిలబడి సంచులు చూస్తున్నాడు. తడిగుడ్డలో చుట్టిన పిలక కనబడగానే ఆమెను వెనక్కి తీసుకొచ్చి, బోటనీ లెక్చరర్ అనూహ్య ముందు నిలబెట్టాడు.

డెబ్భై అయిదు దాటిన మనిషి. తెల్ల చీర, రబ్బరు చెప్పులు.

"నేను తీస్కపోతలేను బిడ్డా, ఇచ్చిపోదామని తెచ్చిన. ఈ రకం ఒకప్పుడు గీడ ఉండె. ఇప్పుడు లేదు, అంతా తిరిగి చూసిన. ఎవలకియ్యాల్నో తెలువక గేటు కాడ అడుగుదామని పోతున్న."

అనూహ్య నమ్మలేదు. అంతకుముందు రోజు దొరికిన ఒకాయన కూడా ఇలాంటి కథే చెప్పాడు. పెద్దావిడ కదా అని గొంతు పెంచలేదు. కానీ కూర్చోమని కూడా అనలేదు. మొక్క ఇక్కడ పెట్టి వెళ్లమంది.

ఆమె వాదించలేదు. పిలకను రెండు చేతులతో బల్లమీద పెట్టి, నీళ్లు వేళ్లకు కాదు, ఆకుల నడుమ పోయాలని మాత్రం చెప్పింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఒక తొట్టి ముందు ఆగింది. వంగి, ఆకు అంచును బొటనవేలితో నిమిరింది. దాని మీద 'గుజ్మానియా' అన్న చీటీ ఉంది. అనూహ్య స్వయంగా రాసిందే.

"ముల్లు లేదని గుజ్మానియా అని రాసినవేమో. ఇది ఎక్మియా బిడ్డా. పువ్వు చీరి చూడు, కాయ కిందున్నది."

పరశురాం నవ్వాడు. అనూహ్య ముఖం వేడెక్కింది.

సాయంత్రం జనం వెళ్లాక అనూహ్య ఒక పువ్వు కోసి బ్లేడుతో నిలువునా చీరింది. గుజ్మానియాలో అయితే కాయ కాబోయే భాగం రేకుల మధ్యన, పైకి ఉండాలి. ఇందులో రేకుల కింద ఉంది.

చీటీ చించేసి కొత్తది రాసింది.

ఎవరో రిటైరైన ప్రొఫెసర్ అయి ఉంటుందనుకుంది. ప్రొఫెసర్లు మాత్రం పిలకలు ఎత్తుకుపోరా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఏడాదిన్నర గడిచింది.

మూలన పెట్టిన ఆ పిలక పూసింది. గులాబీరంగు తొడుగుల్లోంచి వేలాడే ఆకుపచ్చ పూలు, రేకుల అంచున సన్నటి నీలిగీత. అనూహ్య అలాంటిది ఆ గాజుటింట్లో ఎన్నడూ చూడలేదు. ప్రొఫెసర్ జయపాల్ గారు రాసిన చిన్న పుస్తకం తీసింది. ఆయన పోయి ఇరవై ఏళ్లయినా, ఆ డిపార్ట్‌మెంట్‌లో ఏ బ్రొమీలియాడ్‌నైనా అందులో చూసే పోల్చుకుంటారు. బిల్‌బెర్జియా అని తేలింది.

తర్వాత పాత రిజిస్టరు తిరగేసింది. 'బిల్‌బెర్జియా, ఒకే తొట్టి. ఎండకు చనిపోయింది.' తేదీ చూస్తే పన్నెండేళ్ల కిందటిది.

లేని మొక్కను ఎవరు మాత్రం ఎలా దొంగిలిస్తారు?

ప్రదర్శన నాటి సందర్శకుల పుస్తకంలో, ఆ రోజు పరశురాం గేటు దగ్గర ఆమెతో రాయించిన పేరు దొరికింది. సుగుణమణి, చాపెల్ రోడ్.

మరుసటి రోజు ఆదివారం. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాలను తప్పించుకుంటూ, పూసిన ఆ మొక్క కుండీని ఒళ్లో పట్టుకుని ఆటోలో వెళ్లింది. అక్కడా ఇక్కడా అడిగితే ఇల్లు చూపించారు.

తలుపు తీసినామె సుగుణమణి కూతురు లోయిస్. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది. పూలను చూసి అనూహ్యను లోపలికి పిలిచింది. కుండీ అందుకుని ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"పోయిన ఈస్టర్‌కు ముందే అమ్మ ప్రభువు దగ్గరికి పోయింది," అంది.

అనూహ్య జరిగినదంతా చెప్పింది. సంచి సంగతి, కూర్చోమననిది కూడా దాచలేదు. క్షమించమని అడగడానికే వచ్చానంది.

"అమ్మ మాకు గదేం చెప్పలె మేడం. మొక్క ఇచ్చొచ్చిన అన్నది, గంతే. ఆ దినం మస్తు ఖుషీగుండె."

అనూహ్య కళ్లు తుడుచుకుని, అమ్మగారు ఏ కాలేజీలో పాఠాలు చెప్పేవారని అడిగింది.

లోయిస్ చిన్నగా నవ్వింది.

"పాఠాలేంది మేడం. అమ్మ మీ గాజుటింట్ల ఊడ్చే ఆయమ్మ. ఐదో తరగతి గూడ దాటలె."

మరి అవన్నీ ఆమెకెలా తెలుసని అనూహ్య అడిగింది.

లోయిస్ చీర కొంగుతో ఒక ఆకు మీది దుమ్ము తుడిచింది.

"జయపాల్ సార్‌కు ఆఖరి పదకొండేండ్లు కండ్లు కనవడలె. ఈ మొక్కల మీద సార్ రాసిన పుస్తకం గప్పటిదే. సార్ చెప్తుంటే, నేను స్కూల్ నుంచొచ్చి రాసేదాన్ని. ఒక్కో పువ్వు చీరి, లోపల ఏమున్నదో సార్‌కు చూసి చెప్పింది మా అమ్మనే."