చప్పుడు పడని మనిషి

“లెయ్యి సుంకప్పా, సరం అయిపోయింది. ఇంగ బయటికి రాప్పా!”

ట్రాక్టర్ ట్రాలీ చుట్టూ మూగిన పెళ్ళివాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. ట్రాలీ కింద సుంకప్ప, భార్య కదిరమ్మను రెండు చేతులా పొదివి పట్టుకుని మట్టిలో పడి ఉన్నాడు. కొత్త పంచె నిండా దుమ్ము. బయట హారతి పళ్ళెం బోర్లాపడి, ఎర్రనీళ్ళు నేలలో ఇంకిపోతున్నాయి.

ఎర్రన్నకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళి అతని కూతురు జయంతిది. మగపెళ్ళివారు గార్లదిన్నె నుంచి అప్పుడే దిగారు. ఊరి మొదట్లో వాళ్ళకు హారతి ఇవ్వాల్సింది మేనత్త, అంటే ఎర్రన్న చెల్లెలు కదిరమ్మ. ఆమె పళ్ళెం ఎత్తిందో లేదో, ఆగలేని మహానుభావుడెవరో టపాసుల సరం అంటించాడు. అంతే, పక్కనే ఉన్న సుంకప్ప పెళ్ళాన్ని లాక్కుని ట్రాలీ కింద దూరాడు.

“మగోడు పెండ్లాం కొంగులో దూరేది ఈడే చూస్తిమి,” అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ. “హారతి కూడా కింద పడె. ఏమప్పా, ఇది శుభమేనా?”

ఎవరో ఇంకో పళ్ళెం తెచ్చి గండం గడిపారు. ఎర్రన్న కడుపుమంట మాత్రం చల్లారలేదు.

సుంకప్ప సంగతి ఊరికి కొత్త కాదు. 2002 కరువులో మొగుడూ పెళ్ళాలిద్దరూ బళ్ళారి వైపు బావుల పనికి వలసపోయారు. అక్కడ ఒక బావిలో రాళ్ళు ఎత్తుతుండగా, పేలకుండా మిగిలిన మందు పేలి ఇద్దరు కూలీలు తునకలైపోయారు. ఆ వారమే వీళ్ళు తిరిగొచ్చేశారు. ఆ బావి గురించి సుంకప్ప చెప్పినంతే ఊరికి తెలుసు. అప్పటి నుంచీ లారీ టైరు పేలినా, ఎక్కడో రాళ్ళు దింపినా ఆ ఇంటి తలుపు మూతపడుతుంది. రాత్రి దీపం ఆర్పరు. ఆ పొయ్యి మీద మాంసం ఉడికి రెండేళ్ళు దాటింది. పోయిన వినాయక చవితికి ఊరేగింపు మధ్యలోంచే సుంకప్ప భార్య భుజం పట్టుకుని ఇంటికి పోయాడు. పాలు మరవని బిడ్డ అని ఊళ్ళో ఎగతాళి.

తలంబ్రాలు అయ్యాక ఎర్రన్న ఇద్దర్నీ పందిరి వెనక్కి పిలిచాడు.

“నలుగుర్లో నా పరువు తీస్తివి గదప్పా!”

“తప్పయిపోయింది బావా,” అన్నాడు సుంకప్ప. “చప్పుడు ఇంటానే ఆ బాయే కండ్ల ముందరికి వస్తాది.”

“ఎన్నేండ్లు వస్తాది? చావులు చూడనోళ్ళు ఎవరుండారు? ఆడమనిషైతే గాలి సోకిందని మంత్రగాని తావకి పిలుచుకపోయి యాపమండలతో కొట్టిస్తాంటిమి, దిగిపోతాండె. మగోనివి, నిన్నేం చేయాల?”

“పిరికోన్నే బావా,” సుంకప్ప గబగబా అన్నాడు. “నన్నేమన్నా అనుకో. నేను పిరికోన్నే.”

సిగ్గుతో కొత్త పంచె మీది దుమ్ము దులుపుకోసాగాడు. కదిరమ్మ అంతకన్నా సిగ్గుపడుతూ నేల చూస్తోంది. మొగుణ్ణి చూసి ఊరు నవ్విన ప్రతిసారీ ఆమె ఇలాగే నోరు కుట్టేసుకుని నిలబడుతుంది.

“అయితే ఇను,” అన్నాడు ఎర్రన్న. “నీతో నా చెల్లెలు నవ్వులపాలయ్యింది చాలు. ఈ పొద్దే మా ఇంటికి పిలుచుకపోతాండా. నువ్వు మొగోనివైనాక వచ్చి తోడుకోనిపో.”

సుంకప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. “వద్దు బావా, కాళ్ళు పట్టుకుంటా. నేను లేకుంటే ఆమె...”

“ఆమె లేకుంటే నువ్వు, అను,” ఎర్రన్న వెటకారంగా నవ్వాడు. “ఎవరి కొంగు పట్టుకుంటావో పట్టుకో. పద కదిరీ.”

అతను చెల్లెలి చెయ్యి పట్టుకుని రెండడుగులు లాగాడు. సుంకప్ప ఆమె వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కదిరమ్మ చెయ్యి విడిపించుకుంది. ఇన్నాళ్ళ తన మౌనం మీద ఆమెకు రోత పుట్టింది.

“ఆ పొద్దు బాయిలో ఉన్నింది ఆయప్ప కాదన్నా, నేను.”